హెపటైటిస్ 'బి' – మాత్ర చేసే పని, కొత్త ఆర్.ఎన్.ఏ. మందులు చేయబోయే పని



హెపటైటిస్ 'బి'కి మందు వాడుతున్నవారు మా నర్సింగ్ సిబ్బందిని తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "సిస్టరమ్మా, ఇన్నేళ్ళ నుండి రోజూ మాత్ర వేసుకుంటూనే ఉన్నాం. అయినా ల్యాబు రిపోర్టులో పాజిటివ్ అనే వస్తోంది. మందు పనిచేయడం లేదా?" అని. ఈ మధ్య దానికి తోడు ఇంకో ప్రశ్న వస్తోంది. వైరస్ ఆర్.ఎన్.ఏ.ను పట్టుకొని నాశనం చేసే ఇంజక్షన్ గురించి టీవీలోనో ఫోనులోనో చూసి, "అది వచ్చేదాకా ఈ మాత్ర ఆపేస్తే ఏమవుతుంది?" అంటున్నారు.

రెండవ ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాము. ఆపవద్దు. ఎందుకు ఆపకూడదో, ఆ ఇంజక్షన్ గురించి చెబుతున్నదాంట్లో ఎంత నిజమో తెలియాలంటే మొదటి ప్రశ్నకు జవాబు అర్థం కావాలి. రెండూ ఆర్.ఎన్.ఏ. అనే ఒకే వస్తువు చుట్టూ తిరుగుతాయి. అందుకని ఈ సంచికలో కొంచెం వివరంగా రాస్తున్నాము. డాక్టర్లకు ఓ.పి.లో ఇంత చెప్పే తీరిక దొరకదు గదా.

లివరులో వైరస్ కాపురం

1960లలో అమెరికా శాస్త్రజ్ఞుడు బరూచ్ బ్లూంబర్గ్ ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి రక్తంలో అంతవరకు ఎవరూ గుర్తించని ఒక పదార్థాన్ని కనిపెట్టారు. 1965లో దాన్ని గురించి ప్రకటించారు. అందుకే దానికి 'ఆస్ట్రేలియా ఆంటిజెన్' అని పేరు. పాత రిపోర్టులు దాచుకున్నవారి ఇళ్ళలో ఇప్పటికీ ఆ మాటే కనిపిస్తుంది. అది హెపటైటిస్ 'బి' వైరస్ తొడుక్కునే పై కోటు అని తరువాత తేలింది. ఈ పనికి ఆయనకు 1976లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు రిపోర్టుల్లో హెచ్.బి.ఎస్.ఏజి. అని రాసేది ఈ కోటునే. పాజిటివ్ అంటే ఆ కోటు రక్తంలో ఉందని అర్థం.

ఈ వైరస్ లివరు కణంలోకి వెళ్ళాక నేరుగా కణం మధ్యనున్న కేంద్రకంలోకి చేరుతుంది. అక్కడ తన వివరాలన్నీ ఉన్న డి.ఎన్.ఏ.ను గుండ్రని ఉంగరంలా చుట్టి భద్రపరుచుకుంటుంది. దీన్ని రిజిస్ట్రారు ఆఫీసు బీరువాలో ఉండే అసలు దస్తావేజు అనుకోండి. ఆ దస్తావేజు బీరువా దాటి బయటకు రాదు. పని జరగాలంటే దానికి నకళ్ళు తీయాలి. ఆ నకలే ఆర్.ఎన్.ఏ. ఈ నకళ్ళు కేంద్రకం నుండి బయటికి వచ్చి, మన కణంలోని యంత్రాంగాన్నే వాడుకొని వైరస్‌కు కావలసినవన్నీ తయారు చేయించుకుంటాయి.

ఈ నకళ్ళలో రకాలున్నాయి. కొన్ని నకళ్ళను చదివి కణం పై కోట్లను కుడుతుంది. ఒక పొడవాటి నకలు మాత్రం వేరు. దాన్ని చూసి వైరస్ మళ్ళీ కొత్త డి.ఎన్.ఏ. రాసుకుంటుంది, అంటే పిల్ల వైరస్ పుడుతుంది. మీరు వేసుకునే టెనోఫోవిర్ గాని ఎంటెకావిర్ గాని అడ్డుపడేది సరిగ్గా ఈ చోటే. నకలు నుండి కొత్త డి.ఎన్.ఏ. రాసే కలాన్ని అది పనిచేయనివ్వదు. కాబట్టి రక్తంలో వైరస్ లెక్క, అంటే వైరల్ లోడ్, పడిపోతుంది. చాలామందిలో పరీక్షకు అందనంత తగ్గుతుంది. లివరు వాపు దిగుతుంది. సిర్రోసిస్, లివరు కాన్సర్ వచ్చే ప్రమాదం తగ్గుతుంది. ఇది చిన్న మేలు కాదు.

అయితే బీరువాలోని దస్తావేజును మాత్ర ముట్టుకోదు. దాని నుండి నకళ్ళు తీయడాన్ని ఆపదు. నకళ్ళు వస్తున్నంత కాలం కోట్లు కుడుతూనే ఉంటుంది. అసలు ఈ వైరస్ కోట్ల విషయంలో మహా దుబారా. లోపల వైరస్ లేని ఖాళీ కోట్లు రక్తంలో తిరుగుతుంటాయి. అవి అసలు వైరస్‌లకన్నా కొన్ని వేల రెట్లు ఎక్కువ. ఇంకా చెప్పాలంటే మనిషి డి.ఎన్.ఏ.లో ఇరుక్కుపోయిన వైరస్ ముక్కల నుండి కూడా ఈ కోట్లు తయారవుతాయి. ల్యాబులో పాజిటివ్ చూపించేది ఆ కోట్లే.

కనుక మొదటి ప్రశ్నకు ఇదీ జవాబు. మాత్ర వాడుతుంటే హెచ్.బి.ఎస్.ఏజి. పాజిటివ్‌గా ఉండడం మామూలే. మందు పనిచేస్తోందో లేదో చెప్పేది వైరల్ లోడ్ పరీక్ష, ఎస్.జి.పి.టి. పరీక్ష. ఈ ఒక్క ముక్క తెలియక ఎందరో మంచి మందును మధ్యలో మానేసి పసరు మందు కోసం ఊళ్ళు పట్టుకొని తిరుగుతున్నారు. పచ్చకామెర్లలో చాలా రకాలు వాటంతటవే తగ్గేవి గనుక పసరుకు పేరొచ్చింది. హెపటైటిస్ 'బి' దీర్ఘకాలంగా ఉన్నవారి సంగతి అది కాదు.

ఆ ఖాళీ కోట్లు ఊరికే తిరుగుతున్నాయిలే అనుకోవడానికి కూడా లేదు. ఏళ్ళ తరబడి ఎటుచూసినా అవే కనబడుతుంటే శరీర రక్షణ వ్యవస్థ వాటికి అలవాటు పడి మందగిస్తుంది. శాస్త్రజ్ఞుల ఆలోచన ఇక్కడి నుండే మొదలైంది. నకళ్ళనే పట్టేస్తే కోట్లు తగ్గుతాయి, కోట్లు తగ్గితే మన రక్షణ వ్యవస్థ మేలుకొని మిగతా పని తాను చూసుకుంటుందేమో అని.

ఆర్.ఎన్.ఏ.ను పట్టే మందు మనకు కొత్త కాదు

ఆర్.ఎన్.ఏ. మీద కూర్చునే మందు అంటే ఏదో ఇవాళ పుట్టిన వింత అనుకోనక్కరలేదు. మా శిక్షణ రోజుల్లో టీబీ వార్డులో వరుసగా వేసిన స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షన్, పిల్లల వార్డులో జెంటామైసిన్, ఇప్పుడు మొండి టీబీకి ఇస్తున్న లినెజోలిడ్ – ఇవన్నీ అలాంటివే. బాక్టీరియాలో ప్రొటీన్లు తయారు చేసే రైబోజోమ్ అనే యంత్రం ఉంటుంది. దాని ముఖ్య భాగం ఆర్.ఎన్.ఏ.తో కట్టినదే. ఈ మందులు ఆ ఆర్.ఎన్.ఏ. సందుల్లో ఇరుక్కొని యంత్రాన్ని చెడగొడతాయి. స్ట్రెప్టోమైసిన్ సరిగ్గా ఎక్కడ కూర్చుంటుందో 2000లో ఫొటో తీసినంత స్పష్టంగా చూపించినవారిలో మన దేశంలో చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్ ముఖ్యులు. రైబోజోమ్ మీద చేసిన కృషికి ఆయనకు 2009లో నోబెల్ బహుమతి పంచారు. ఇంజక్షన్లు వేసేనాటికి మాకు ఇదంతా తెలియదు. "చెవిలో హోరు వస్తోందా, నడుస్తుంటే తూలుతున్నారా" అని రోజూ అడగాలని మాత్రం మా ట్యూటర్లు గట్టిగా నేర్పారు.

ఆ అడగడం వెనుక సంగతి ఈ వ్యాసానికి కావాలి. మన శరీర కణాల్లో శక్తిని తయారు చేసే చిన్న చిన్న గదులుంటాయి. వాటికి సొంత రైబోజోములు ఉన్నాయి. అవి బాక్టీరియా రైబోజోములకు దగ్గర పోలిక. చెవిలోపలి సున్నితమైన కణాల్లో మందు పొరపాటున వీటిని కూడా పట్టుకోవడం వినికిడి దెబ్బతినడానికి ఒక కారణమని చెబుతారు. కొన్ని కుటుంబాల్లో ఆ ఆర్.ఎన్.ఏ.లో పుట్టుకతోనే ఒక్క అక్షరం మారి ఉంటుంది, వారికి తక్కువ డోసుకే చెవుడు వస్తుంది. ఆర్.ఎన్.ఏ.ను పట్టే మందుతో వచ్చే పెద్ద చిక్కు ఇదే. పట్టుకోవలసిన దానిని పట్టుకోవాలి, పక్కదాన్ని వదిలేయాలి.

వైరస్ దగ్గరకు వచ్చేసరికి ఈ చిక్కు ఇంకా పెరుగుతుంది. వైరస్‌కు సొంత రైబోజోమ్ లేదు, మనదే వాడుకుంటుంది. కాబట్టి వైరస్ నకలునే వెతికి పట్టాలి. మన కణంలో ఉన్న ఆర్.ఎన్.ఏ.లో నూటికి ఎనభై పాళ్ళు మన రైబోజోములదే. సంతలో ఒక మనిషిని వెతికినట్టు, ఆ గుంపులో వైరస్ నకలును గుర్తుపట్టాలి.

ఇప్పుడున్న వైరస్ మందుల్లో దాదాపు అన్నీ ప్రొటీన్లను పట్టేవే. ప్రొటీన్‌లో ఇడ్లీ రేకులో ఉన్నట్టు లోతైన గుంటలుంటాయి. వాటి కొలతకు సరిపడా మందు కణాన్ని తయారు చేస్తే అది అందులో ఇమిడిపోతుంది. ఆర్.ఎన్.ఏ. దారం వంటిది. తన మీద తానే మెలిపడి హెయిర్ పిన్నులాగా, ముడిలాగా ఆకారాలు కడుతుంది గాని, ఆ గుంటలు చాలా వరకు లోతు లేనివి. పైగా కదులుతూ ఆకారం మారుస్తుంటుంది. ఒళ్ళంతా నెగెటివ్ విద్యుత్తు గనుక పాజిటివ్ విద్యుత్తున్న ఏ మందైనా దానికి అంటుకుంటుంది. వైరస్ ఆర్.ఎన్.ఏ. అని చూడదు, మనది అని చూడదు.

ఎయిడ్స్ వైరస్‌తో జరిగిన ప్రయత్నం చూడండి. హెచ్.ఐ.వి. ఆర్.ఎన్.ఏ. మొదట్లో 59 అక్షరాల హెయిర్ పిన్ను ఒకటి ఉంది. దాని పేరు టార్. టాట్ అనే వైరస్ ప్రొటీన్ దాన్ని పట్టుకుంటేనే నకళ్ళు జోరుగా తయారవుతాయి. ఆ పిన్నును మందుతో మూసేస్తే చాలుగదా అని 1990ల నుండి ఎన్నో పరిశోధనశాలలు పనిచేశాయి. మనం పుండ్లకు రాసే ఆయింట్‌మెంట్లలో ఉండే నియోమైసిన్ కూడా గాజు గొట్టంలో ఆ పనిని అడ్డుకుంది. కాని మనిషికి ఇవ్వగలిగిన మందు ఆ దారిలో ఒక్కటీ బయటికి రాలేదు. గాజు గొట్టంలో పనిచేసింది ఒంట్లో పనిచేయాలని లేదు. వార్తల్లో "మందు కనిపెట్టారు" అని చదివినప్పుడల్లా ఈ తేడా గుర్తుంచుకుంటే సగం కంగారు తగ్గుతుంది.

అలాగని ఆ దారి మూసుకుపోలేదు. 2020లో అమెరికాలో రిస్డిప్లామ్ అనే నోటి మందుకు అనుమతి వచ్చింది. అది వైరస్ మందు కాదు. పుట్టుకతో కండరాలు క్షీణించే ఎస్.ఎం.ఏ. అనే జబ్బు ఉన్న పిల్లలకు ఇచ్చేది. కాని అది పనిచేసేది మనిషి ఆర్.ఎన్.ఏ.ను పట్టుకునే. మింగగలిగిన చిన్న మందు కణం సరైన ఆర్.ఎన్.ఏ.ను ఎంచి పట్టగలదని దానితో రుజువైంది. కరోనా వైరస్ ఆర్.ఎన్.ఏ.లోని ముడుల మీద కూడా ఇలాంటి వెతుకులాట జరుగుతోంది. (కోవిడ్ రోజుల్లో వాడిన రెమ్‌డెసివిర్ ఈ జాతి కాదు. అది వైరస్ రాసుకునే ఆర్.ఎన్.ఏ.లో దొంగ అక్షరంగా దూరుతుంది.)

ఎదురు అక్షరాల పట్టీ

రెండవ దారి వేరే. మందు కణాన్ని గుంటకు సరిపెట్టే బదులు, ఆర్.ఎన్.ఏ. రాతనే వాడుకోవడం. ఆర్.ఎన్.ఏ.లో నాలుగే అక్షరాలు – ఎ, యు, జి, సి. ఎ ఎదుట యు, జి ఎదుట సి అతుక్కుంటాయి. వైరస్ నకలులో ఒక వాక్యాన్ని ఎంచుకొని, దానికి ఎదురు అక్షరాలతో చిన్న పట్టీ తయారు చేస్తే ఆ పట్టీ వెళ్ళి ఆ వాక్యానికే అంటుకోవాలి. ఇరవై అక్షరాల వరుస తప్పకుండా కలవాలి గనుక పక్కదాన్ని పట్టే అవకాశం బాగా తగ్గుతుంది.

ఈ ఆలోచనను వైరస్ మీద మొదట ప్రయోగించి చూపినవారు అమెరికాలో పాల్ జమెక్నిక్, మేరీ స్టీఫెన్‌సన్. 1978లో కోళ్ళకు కాన్సర్ తెచ్చే ఒక వైరస్ మీద 13 అక్షరాల పట్టీ వాడి, కోడి కణాల్లో ఆ వైరస్ పెరగకుండా అడ్డుకున్నారు. వినడానికి ఇంత సులువుగా ఉంది. కాని అక్కడి నుండి మనిషికి ఇచ్చే మందు రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. మన రక్తంలో ఇలాంటి పట్టీలను ముక్కలు చేసి పారేసే ఎంజైములున్నాయి. పట్టీ వెన్నులో ఆక్సిజన్ ఉండే చోట గంధకం పెట్టడం వంటి మార్పులు చేశాక గాని అది ఒంట్లో నిలవలేదు. కణంలోకి దూరడం ఇంకో యాతన. 1998లో ఫోమివిర్సెన్ అనే 21 అక్షరాల పట్టీకి అమెరికాలో అనుమతి వచ్చింది. ఎయిడ్స్ రోగుల్లో సి.ఎం.వి. అనే వైరస్ కంటి రెటీనాను తినేసేది. దానికి ఈ మందును నేరుగా కంట్లోకే ఇంజక్షన్ చేసేవారు. ఈలోగా మంచి హెచ్.ఐ.వి. మాత్రలు వచ్చి ఆ కంటి జబ్బే తగ్గిపోయింది. కొనేవారు లేక ఆ మందును మార్కెట్టు నుండి తీసేశారు. మందు ఓడిపోలేదు, దాని అవసరం తగ్గిపోయింది.

ఇప్పుడు మళ్ళీ లివరు దగ్గరకు వద్దాం. ఇలాంటి పట్టీలను చర్మం కింద ఇంజక్షన్‌గా ఇస్తే ఎక్కువ భాగం చేరేది లివరుకు, కిడ్నీలకు. మెదడుకో గుండెకో చేర్చడం కష్టం గాని లివరుకు చేర్చడం తేలిక. ఇక హెపటైటిస్ 'బి' వైరస్ సంగతి. దాని మొత్తం రాత సుమారు 3,200 అక్షరాలే. ఆ చిన్న చోటులో పొదుపు చేసుకోవడానికి అది తీసే నకళ్ళన్నీ చివరలో ఒకే వాక్యంతో ముగుస్తాయి. ఆ తోకకు ఎదురు పట్టీ ఒకటి చేస్తే చాలు, పొట్టి నకలు, పొడుగు నకలు అన్నీ చిక్కుతాయి.

బెపిరోవిర్సెన్ అనే మందు చేసేది ఇదే. ఇరవై అక్షరాల పట్టీ. వైరస్ నకలుకు అతుక్కోగానే మన కణంలోనే ఉండే ఒక ఎంజైము వచ్చి ఆ నకలును అక్కడికక్కడే కత్తిరిస్తుంది. కత్తెర మనదే, ఎక్కడ కత్తిరించాలో గీత గీసి చూపేది మందు. నకలు పోతే కోటు కుట్టడం తగ్గుతుంది, పిల్ల వైరస్ పుట్టడమూ తగ్గుతుంది. దానికి తోడు ఈ పట్టీ రక్షణ వ్యవస్థను కొంత తట్టి లేపుతుందని కూడా పరిశోధకులు చెబుతున్నారు.

ఫలితం ఎంత? 2022లో ప్రచురించిన రెండవ దశ పరీక్షలో 457 మంది పాల్గొన్నారు. వారిలో కొందరికి వారానికి ఒకసారి 300 మిల్లీగ్రాముల ఇంజక్షన్ చొప్పున 24 వారాలు ఇచ్చి ఆపారు. ఆపిన తరువాత మరో 24 వారాలు చూశారు. కోటు, వైరస్ రెండూ రక్తంలో కనబడకుండా నిలిచినవారు నూటికి తొమ్మిది, పది మంది. అప్పటికే మాత్ర వాడుతున్నవారిలో తొమ్మిది, వాడనివారిలో పది. మొదట్లోనే కోటు పరిమాణం తక్కువగా ఉన్నవారిలో ఫలితం ఎక్కువ కనిపించింది. ఇంజక్షన్ వేసిన చోట ఎర్రబడడం, నొప్పి చాలామందికి వచ్చాయి. కొందరిలో ఎస్.జి.పి.టి. పెరిగింది. 2023లో ఇంకా పెద్దదైన మూడవ దశ పరీక్షలు మొదలుపెట్టారు.

నూటికి పది అంటే చాలా తక్కువ అనిపించవచ్చు. మాత్రలతో మాత్రమే కోటు మాయమవడం ఎంత అరుదో తెలిసినవారికి అది చిన్న సంఖ్య కాదు. అయితే మిగిలిన తొంభై మంది సంగతి కూడా అదే కాగితంలో ఉంది. ఫోనులో వచ్చే వీడియోల్లో మొదటి పదే చెబుతారు.

ఇంకో మాట. కోటు మాయమైనా బీరువాలోని దస్తావేజు పూర్తిగా చెరిగిపోయినట్టు కాదు. పట్టీ నకళ్ళనే పడుతుంది, అసలును కాదు. కోటు, వైరస్ కనబడకుండా నిలిస్తే డాక్టర్లు దాన్ని 'ఫంక్షనల్ క్యూర్' అంటారు, అంటే జబ్బు పని ఆగిందని. అలాంటివారికి తరువాత ఎప్పుడైనా కాన్సర్ మందులో, రక్షణ వ్యవస్థను అణిచే మందులో ఇవ్వవలసి వస్తే వైరస్ మళ్ళీ లేవవచ్చు. అందుకని ఒకప్పుడు హెపటైటిస్ 'బి' ఉండేదన్న సంగతి ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా చెప్పాలి. హెపటైటిస్ 'సి' అలా కాదు. దానికి బీరువాలో దస్తావేజు దాచే అలవాటు లేదు గనుకనే మూడు నెలల మాత్రలతో దాదాపు అందరికీ పూర్తిగా పోతుంది. పక్కింటివారికి 'సి' నయమైంది, మనకెందుకు 'బి' పోదు అని బాధపడేవారికి ఇదే జవాబు.

మాత్ర ఆపితే

నకళ్ళు తీయడం జరుగుతూనే ఉంది, మాత్ర కలాన్ని మాత్రమే పట్టి ఆపింది అన్నాము గదా. మాత్ర ఆపిన రోజున కలం విడుదలవుతుంది. సిద్ధంగా ఉన్న నకళ్ళ నుండి వైరస్ మళ్ళీ పుట్టుకొస్తుంది. కొన్ని వారాలలో, నెలలలో లివరు ఒక్కసారిగా వాచి కామెర్లు తిరగబెట్టవచ్చు. సిర్రోసిస్ ఉన్నవారిలో ఇది ప్రాణం మీదికి వస్తుంది. ఎవరికి ఎప్పుడు ఆపవచ్చో డాక్టరు పరీక్షలు చూసి చెప్పాలి. వైరల్ లోడ్ కనబడడం లేదని కాగితం మీద వచ్చిందంటే మాత్ర తన పని చేస్తోందని అర్థం, ఇక అక్కరలేదని కాదు. ఊరికి వెళ్ళినప్పుడు, పెళ్ళిళ్ళలో, పంట పనుల్లో మాత్ర మరిచిపోయేవారు ఎక్కువ. ప్రయాణం సంచిలో పది మాత్రలు విడిగా ఉంచుకోండి.

డబ్బు లేక ఆపేవారూ ఉన్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వం వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం ప్రారంభించింది. దాని కింద గుర్తించిన ప్రభుత్వ ఆసుపత్రుల చికిత్సా కేంద్రాల్లో పరీక్షలు, టెనోఫోవిర్ ఉచితం. అక్కడికి మారతామంటే మా దగ్గర చూపించుకుంటున్నవారికి కేసు వివరాలు రాసి ఇస్తాము, మొహమాటపడవద్దు. ఆర్.ఎన్.ఏ. ఇంజక్షన్ మా ఫార్మసీలో లేదు. ఎవరైనా "విదేశీ మందు, తెప్పించి ఇస్తాము" అని డబ్బు అడిగితే ముందు ఆ కాగితం మాకు చూపించండి.

మన దేశంలో 2022 నాటికి దాదాపు మూడు కోట్ల మందికి దీర్ఘకాల హెపటైటిస్ 'బి' ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో చాలామందికి ఆ సంగతే తెలియదు. కనుక ఇంట్లో ఒకరికి ఉంటే భార్యాభర్తలు, పిల్లలు, తోబుట్టువులు అందరూ ఒకసారి పరీక్ష చేయించుకోవాలి. లేనివారు టీకా వేయించుకోవాలి. ఈ టీకాలో ఉండేది కూడా ఆ పై కోటే, ఈస్టులో పెంచి తీసినది. వైరస్ లేని ఖాళీ కోటును ముందుగా చూపించి రక్షణ వ్యవస్థకు శత్రువు ముఖం నేర్పుతారు. మన దేశంలో తయారైన మొదటి టీకాను 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ విడుదల చేసింది. అంతవరకు దిగుమతి టీకా ధర సామాన్యులకు అందేది కాదు. 2011 నుండి దేశమంతటా పిల్లల టీకాల్లో దీన్ని చేర్చారు. పుట్టిన 24 గంటల్లోపు మొదటి డోసు, తరువాత 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్‌లో కలిపి. తల్లికి పాజిటివ్ అయితే ఆ మొదటి డోసు గంటల లెక్కన ముఖ్యం. ఇంటి దగ్గర పురుడు పోసుకొని మూడో వారం తీసుకువస్తే ఆలస్యమైపోతుంది. టీకా వేసిన బిడ్డకు తల్లి పాలు నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు.

ఒకే కంచంలో తిన్నందువల్ల, సంఘ భోజనాల్లో పక్కన కూర్చున్నందువల్ల, చేయి కలిపినందువల్ల ఇది అంటదు. రక్తం ద్వారా, కాన్పులో తల్లి నుండి బిడ్డకు, లైంగిక సంబంధం ద్వారా అంటుతుంది. ఒకరి బ్లేడు, టూత్ బ్రష్షు, సూది మరొకరు వాడకూడదు. క్షౌరశాలలో కొత్త బ్లేడు అడిగి వేయించుకోండి. పాజిటివ్ అని తెలిసి ఇంట్లో కంచం, గ్లాసు వేరు చేసిన కుటుంబాలను మేము చూశాము. దాని వల్ల ఎవరికీ రక్షణ రాదు, ఆ మనిషి మాత్రం నలుగురిలో తినడం మానేస్తాడు.

తరువాతిసారి ఓ.పి.కి వచ్చేటప్పుడు కొత్త రిపోర్టు ఒక్కటే కాకుండా పాతవి కూడా వరుసగా తెండి. వైరల్ లోడ్, ఎస్.జి.పి.టి., హెచ్.బి.ఇ.ఏజి., కిడ్నీ కోసం క్రియాటినిన్, లివరు స్కానింగ్ – ఇవి డాక్టరుకు కావాలి. హెచ్.బి.ఎస్.ఏజి.ని పాజిటివ్, నెగెటివ్ అని కాకుండా అంకెల్లో కొలిచే పరీక్ష కూడా ఉంది. కొత్త ఇంజక్షన్లు ఎవరికి ఎక్కువ పనికివస్తాయో తేల్చడంలో ఆ అంకె ఉపయోగపడుతోంది. అది మీకు అవసరమా కాదా అని డాక్టరుగారిని అడగండి. అందరికీ ఇప్పుడే అక్కరలేదు, ఖర్చు కూడా.